ఆటలో నల్లమందు చరిత్రము

చరిత్రమును చదివి తెలిసికొనుట యొక పద్ధతి. ఆడి తెలిసికొనుట మఱియొక పద్ధతి. వైకుంఠపాళి నెఱిగిన శ్రోతలకు నిచ్చెన యెక్కినప్పటి యుత్సాహమును, పామునోట పడినప్పటి దిగులును వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి యాటతో నల్లమందు వ్యాపారము వంటి క్రూరచరిత్రమును బోధింపవచ్చునా?

బడిలో నలుగురు పిల్లలను కూర్చుండబెట్టుడు. ఒకడు బీహారు రైతు. ఒకడు ఈస్టిండియా కంపెనీ యేజంటు. ఒకడు కలకత్తా వర్తకుడు. ఒకడు కాంటను నగరమందలి చీనా యధికారి. నియమములను మనము కల్పింప బనిలేదు. చరిత్రమే కల్పించి యుంచినది. 1773లో బంగాళమున నల్లమందుపై కంపెనీ గుత్తాధికారము పొందెను. రైతునకు ముందుగా సొమ్మిచ్చి, పంటను తాను నిర్ణయించిన ధరకే కొనుచుండెను. పాట్నా, గాజీపురములలో ఉండలు చేసి, పెట్టెకు 40 చొప్పున సర్ది, కలకత్తాలో వేలము వేయుచుండెను. పొగత్రాగుటకై నల్లమందు నమ్మరాదని చీనా చక్రవర్తి 1729లోనే శాసించెను. కావున కంపెనీ తన యోడలలో పంపక, వేలములో కొన్న వర్తకులచే పంపించెను. వారు లింటిన్ ద్వీపముకడ సరకు దింపి వెండి పుచ్చుకొనెడివారు. ఆ వెండి కాంటనులోని కంపెనీ ఖజానాకు చేరి, తేయాకు కొనుటకు వినియోగపడెడిది.

ఇక నాట సాగనిండు. ఏజంటు నిచ్చెన లెక్కును, వర్తకుడు నెక్కును. రైతు వేషము వేసిన బాలుడు, “నేనీ పంట మానివేయవచ్చునా?” యని యడుగును. పుచ్చుకొన్న సొమ్ము శిస్తునకే చెల్లిపోయినదని వానికి చెప్పవలసివచ్చును. 1839లో లిన్ త్సేషు ఇరువదివేల పెట్టెలకు పైగా స్వాధీనపఱచుకొని, హుమెన్ తీరమున ఉప్పుతోను సున్నముతోను కలిపి నాశనము చేయించెను. అధికారి వేషధారి తాను గెలిచితి ననుకొనును. అంతలో యుద్ధము వచ్చును. 1842 నాటి నాంకింగు సంధిచే చీనా హాంకాంగును కోల్పోయి, 2 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లింప నొడంబడెను. అందు 60 లక్షలు ఆ నాశనమైన నల్లమందు వెలయే!

“ఇదేమి న్యాయ?”మని పిల్లవాడు కోపించినచో ఆట ఫలించిన దనుకొనుడు. పుస్తకములోని తేదీ కోపము తెప్పింపదు.

అయితే నొక ప్రమాదము కలదు. గెలుపు రుచి మరగిన పిల్లలు పెట్టెల లెక్కయే చరిత్ర మనుకొందురు. కావున ఐదవ పీట నొకదానిని వేయుడు. అది నల్లమందునకు బానిసయైన చీనా కూలివానిది. వానికి పాచికలు లేవు. ప్రతి యావృత్తికిని వానియొద్ద నుండి యొక నాణెము తీసికొనుటయే నియమము.

వైకుంఠపాళిలో నెవరి పాపము వారికి పామగును. ఈ యాటలో నొకని నిచ్చెనయే వేఱొకనికి పాము. కాని యీ పాములను నిచ్చెనలను గీసినది విధి కాదు, మనుష్యులు. 1907 నాటి యొడంబడికచే చీనాకు ఎగుమతిని ఏటేట తగ్గించుచు వచ్చి, 1913లో మాన్పించినవారును మనుష్యులే. బాలు రాట ముగించి లేచునప్పుడు ఈ యొక్కమాట గ్రహించిన చాలును.