సృష్టి ప్రయోజనం

జగత్తు ఏదైనా ఉద్దేశంతో ఏర్పడిందా, అందులో జీవుడి పుట్టుకకు పరమార్థం ఉందా అన్న తత్త్వచర్చ. మనిషి దేనికోసం పాటుపడాలన్న ప్రశ్నకు ధర్మం, అర్థం, కామం, మోక్షం అనే 4 పురుషార్థాలు సమాధానంగా స్థిరపడ్డాయి. జగత్తు విషయంలో మాత్రం దర్శనాలకు ఏకాభిప్రాయం కుదరలేదు.

సాంఖ్యం: ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక సృష్టికర్త ప్రసక్తి లేకుండానే ప్రయోజనాన్ని అంగీకరించింది. జడమైన ప్రకృతి, చేతనుడైన పురుషుడి మోక్షం కోసం పనిచేస్తుందని దాని మతం. దూడ కోసం ఆవుపాలు వాటంతట అవే చేపినట్టే ఇదీ అని దృష్టాంతం. ఆట చూపించి రంగం దిగే నర్తకిలా, పని తీరగానే ప్రకృతి విరమిస్తుంది.

మీమాంస: 7వ శతాబ్దికి చెందిన కుమారిల భట్టు శ్లోకవార్తికంలో ఈ చర్చను పదునెక్కించాడు. మందబుద్ధి అయినా ఏదో ఒక లాభం చూసుకోకుండా పనికి పూనుకోడు. మరి సృష్టికర్త అయిన ప్రజాపతి ఏం ఆశించినట్టు? జాలితో సృష్టించాడందామా, అప్పటికి జాలిపడదగ్గ జీవులే లేరు. ఆటకోసం అందామా, ఆట అవసరమైనవాడు పరిపూర్ణుడు కాడు.

వేదాంతం: ఈ చర్చ అత్యంత ప్రౌఢంగా సాగింది బ్రహ్మసూత్రాల 2వ అధ్యాయం 1వ పాదం మీద శంకరాచార్యుల భాష్యంలో. కోరికలన్నీ తీరిన బ్రహ్మానికి సృష్టితో పనేమిటన్నది పూర్వపక్షం. అది కేవలం లీల అన్నది సిద్ధాంతం. ఏ కొరతా లేని రాజు విహారానికి వెళ్లడాన్ని శంకరులు ఉదాహరించారు. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు మరో ఉదాహరణ: బయటి ప్రయోజనమేదీ తలచకుండానే ఊపిరి ఆడుతుంది. మరి ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఎందుకన్న ఆక్షేపానికి వానను చూపారు. వాన అన్ని చేలకూ ఒకటే. వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తును బట్టి. జీవుల కర్మ అలాంటిదే. తరువాతి పాదంలో సాంఖ్యుల పాల దృష్టాంతాన్నీ ఆయన వదల్లేదు. ఆవు ప్రాణమున్నది, దూడ మీద మమకారంతో చేపుతుంది, దూడ చీకితేనే పాలు దిగుతాయి. జడానికి ఆ పోలిక చెల్లదన్నారు. ఇంతా చెబుతూనే, సృష్టి కథనమంతా వ్యవహార దశకే గాని పారమార్థిక సత్యం కాదని స్పష్టం చేయడం ఆ భాష్యం విశిష్టత.

తరువాతి శతాబ్దాల్లో రామానుజులు, మధ్వులు, తెలుగు కుటుంబానికి చెందిన వల్లభాచార్యులు (1479–1531) లీలావాదాన్ని తమ తమ మతాలకు అనుగుణంగా వ్యాఖ్యానించారు.

ఇతర మతాలు: నిప్పు వేడి, నీటి చల్లదనం స్వభావం వల్లనే గాని ఎవరి సంకల్పం వల్లా కాదని చార్వాకులు, లోకానికి కర్తే లేడని జైనులు వాదించారు. లోకం శాశ్వతమా కాదా వంటి ప్రశ్నలకు బుద్ధుడు జవాబు చెప్పలేదు.

పాశ్చాత్య దేశాలు: అరిస్టాటిల్ నాలుగు కారణాల్లో ప్రయోజనం ఒకటి. 1802లో విలియం పేలీ, గడియారాన్ని చూస్తే దాన్ని చేసినవాడు తెలిసినట్టే సృష్టిని చూస్తే కర్త తెలుస్తాడన్నాడు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడ్డాక, జీవుల అమరికను కర్త ప్రసక్తి లేకుండానే వివరించడం సాధ్యమైంది.

ఆంధ్రదేశం: గోరా (1902–1975) 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. దైవసంకల్పాన్ని నిరాకరించి, జీవితానికి దారి నిర్ణయించుకునే స్వేచ్ఛ, బాధ్యత మనిషివేనని ఆయన బోధించారు.