చొంకాక్, వామనగుంటలు, ఫోన్ ఆటలు

ఆటగాడిని మళ్ళీ రప్పించే చిన్న ఏర్పాట్లు ఫోన్‌తో పుట్టలేదు. 1978లో జపాన్ ఆట స్పేస్ ఇన్వేడర్స్ తెరమీద అత్యధిక స్కోరు చూపించింది. దాన్ని దాటాలని జనం మళ్ళీ మళ్ళీ నాణేలు వేశారు.

మా మలేషియా చొంకాక్ అంతకంటే ఎంతో పాతది. ఇద్దరికీ ఏడేసి గుంటలు, చెరొక "రుమా", అంటే ఇల్లు. చివరి గింజ మన ఇంట్లో పడితే మళ్ళీ వంతు మనదే. ఓడినవారికి గింజలు చాలక నిండని గుంటలు తర్వాతి ఆటలో "కాలిపోయినవి". వాటిని తిరిగి గెలవాలనే మళ్ళీ కూర్చుంటాం.

మన వామనగుంటల్లో ఇల్లు ఉండదు. చేతిలో చింతగింజలు అయిపోతే పక్క గుంటలోవి తీసి సాగిస్తాం.

ఒక్కటే తేడా. అమ్మమ్మ లేస్తే ఆ ఆట ఆగుతుంది. ఫోన్ ఎప్పుడూ లేవదు. అందుకే గుడిలో పిల్లల ముందు చొంకాక్ పలక పెడుతున్నాను.