ఓర్చుకోమనే మాటకు ప్రతిపద వ్యాఖ్య

మూలం: “నెలనెలా అందరికీ వచ్చేదే. కొంచెం ఓర్చుకో. పెళ్ళయితే అదే తగ్గిపోతుంది.”

కడుపు పట్టుకుని ముడుచుకు పడుకున్న పిల్లతో అమ్మో, అమ్మమ్మో, మేనత్తో అనే మాట ఇది. పెళ్ళయ్యాక చివరి వాక్యం ఒక్కటే మారుతుంది: ముందు “పిల్లలు పుడితే”, ఆ తర్వాత “నలభై దాటితే”. అన్నవాళ్ళ ప్రేమను నేను శంకించను. కానీ ఈ మాటను నమ్ముకునే ఎందరో ఆడవాళ్ళు డాక్టరు గడప తొక్కకుండా ఏళ్ళు గడిపేస్తున్నారు. అందుకే పదం పదం విప్పి చూడాలి.

నెలనెలా: 21 నుంచి 35 రోజులకోసారి రావడం, వారంలోపు ఆగిపోవడం మామూలు. పదిహేను రోజులకే మళ్ళీ వస్తున్నా, పదో రోజుకీ ఆగకపోయినా అది ‘నెలనెలా’ కిందికి రాదు.

అందరికీ: చాలామందికి వచ్చే నొప్పి ఒకటుంది. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని గట్టిగా బిగిస్తాయి. కండరానికి రక్తం అందక నొప్పి పుడుతుంది. పేగుల మీదా పనిచేస్తాయి కనుక కొందరికి వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. రెండు మూడు రోజుల్లో ఇది తగ్గుతుంది.

అందరికీ రాని నొప్పులు వేరే ఉన్నాయి. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరగడం ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు పదిశాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది. డేట్‌కు ముందే నొప్పి మొదలవడం, విరేచనానికి వెళ్తే నొప్పి, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి దీని గుర్తులు. మామూలు స్కానింగులో ఇది కనబడకపోవచ్చు. “స్కాన్‌లో ఏమీ లేదమ్మా” అన్నంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు.

మొదటి ముట్టు నుంచే రక్తం ధారగా పోయే పిల్లలకు ఇంకో కారణం ఉండవచ్చు. 1926లో ఫిన్లాండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ ఆలాండ్ దీవుల్లోని ఒక కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తున్న రక్తస్రావ వ్యాధిని వర్ణించాడు. ఆయన చూసిన చిన్న పిల్ల ఆ తర్వాత పదమూడేళ్ళ వయసులో, నాలుగో నెలసరిలో, రక్తం ఆగక చనిపోయింది. ఇప్పుడు ఆ వ్యాధిని రక్తపరీక్షతో పట్టుకోవచ్చు, మందులూ ఉన్నాయి. చిగుళ్ళ నుంచి రక్తం, పన్ను పీకిస్తే ఆగని రక్తం ఉన్న పిల్లకు ఆ పరీక్ష చేయించాలి.

వచ్చేదే: వచ్చేదే, నిజమే. ఎంత వస్తోందన్నదే ప్రశ్న.

కొంచెం: ఈ మూలంలో ఎక్కువ నష్టం చేసిన పదం ఇదే. ఒక నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ అన్నది పాత లెక్క. ఇంట్లో ఎవరూ కొలవలేరు కనుక 1990లో ఇంగ్లండులో జెన్నీ హైయమ్ బృందం ప్యాడ్ల బొమ్మలతో ఒక పట్టిక తయారుచేసింది. మరక మాత్రం పడిన ప్యాడ్‌కు 1, ఒక మాదిరిగా తడిస్తే 5, పూర్తిగా నిండితే 20. మొత్తం నూరుకు చేరితే ఎక్కువ పోతున్నట్టు. రెండో రోజు మూడు ప్యాడ్లు నిండితే 60, మూడో రోజు ఇంకో రెండు నిండితే 100. మిగతా రోజులు కలపకముందే నూరయింది! గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చడం, రాత్రి అందుకోసమే లేవడం, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడటం ఏదీ ‘కొంచెం’ కాదు.

మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. 80 పోతే 40 మిల్లీగ్రాములు. తిండి నుంచి శరీరం రోజుకు తీసుకోగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నెలనెలా ఈ అప్పు తీరక మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, పచ్చి బియ్యమో బలపమో నమలాలనిపించడం మొదలవుతాయి. ఇంట్లో దానికి పెట్టే పేరు ‘బద్ధకం’. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తిండి లోపం పెద్ద కారణమే, కానీ ఎంత పోతోందో కూడా అడగాలి కదా. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఒంట్లో ఇనుము నిల్వలెంతో తెలుస్తుంది. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటబట్టదు, నిమ్మరసంతో మేలు.

ఓర్చుకో: బస్సులో నిలబడి టికెట్లు కొట్టే కండక్టరు, చీరల షోరూములో పొద్దుగూకులూ నిలబడే అమ్మాయి, చుట్టుపక్కల చాటు లేని చేలో పత్తి ఏరే కూలి. ఓర్చుకోవడమంటే వీళ్ళకు మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని నీళ్ళు మానేయడం. రెండు ప్యాడ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి ముదురు రంగు కట్టుకోవడం. ఎప్పుడైనా కూర్చుంటే, లేచాక ఆ చోటు వైపు తిరిగి చూసుకోవడం. పనిచేసే చోట శుభ్రమైన మరుగుదొడ్డి, కాసేపు కూర్చునే కుర్చీ, డ్యూటీ మార్చుకునే వీలు ఉంటే ఇందులో సగం కష్టం తీరుతుంది.

సెలవు మాట. జపాన్ 1947లోనే దీన్ని చట్టంలో పెట్టింది. బీహార్ ప్రభుత్వం 1992 నుంచి తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజులిస్తోంది. కర్ణాటక మంత్రివర్గం 2025లో నెలకో రోజు వేతనంతో సెలవుకు ఒప్పుకుంది. దీన్ని తప్పనిసరి చేస్తే ఆడవాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకోరేమోనని 2024లో సుప్రీంకోర్టు అంది. ఆ భయం నిజమే. అయినా నేను సెలవు వైపే ఉంటాను: కూలి తెగితే ఏమవుతుందో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చూపించింది. పనికి రాని రోజుకు జరిమానా కట్టాల్సిన చెరకు కోత స్త్రీలు గర్భసంచులే తీయించుకున్నారని 2019లో బయటపడింది.

మందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి కనుక నొప్పి ముదిరాక కాక మొదలవుతుండగానే, తిన్నాక వేసుకోవాలి. అల్సరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరునడగాలి. మెఫెనమిక్ యాసిడ్ వేసుకున్నాక దద్దుర్లు, జ్వరం వస్తే ఆపేసి చూపించుకోవాలి. 2023 చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనిపై హెచ్చరిక ఇచ్చింది.

పెళ్ళయితే: కాన్పు తర్వాత మామూలు నొప్పి కొందరికి తగ్గుతుంది. ఎండోమెట్రియోసిస్‌కు పెళ్ళి మందు కాదు. గర్భం నిలవక ఆస్పత్రుల చుట్టూ తిరిగేటప్పుడు ఆ జబ్బు తొలిసారి బయటపడేది చాలామందికి పెళ్ళయ్యాకే.

అదే తగ్గిపోతుంది: తగ్గించే మార్గాలున్నాయి. ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను 1962లో వెలుగులోకి తెచ్చింది జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే. చంటిపిల్లను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసిన తల్లి ఆమె. రక్తం ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ఈ మాత్ర స్రావాన్ని బాగా తగ్గిస్తుంది. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు పనికిరాదు. కాపర్-టి రక్తస్రావాన్ని పెంచవచ్చు కానీ హార్మోన్ లూప్ తగ్గిస్తుంది. లూప్ అనగానే రెండూ ఒకటే అనుకుని భయపడతారు.

ఇవేవీ చూడకుండా ఆపరేషన్‌కు పోవడం మన దగ్గర ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ళ స్త్రీలు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం. తీసేద్దామని డాక్టరు అన్నప్పుడు మాత్రం కారణం ఫైబ్రాయిడా, పాలిపా, ఇంకేదైనానా, అదొక్కటీ తీస్తే సరిపోతుందా, మాత్రలో లూపో వాడి చూడవచ్చా, అండాశయాలు ఉంచుతారా అని అడిగి, జవాబులు రాయించుకుని, ఇంకో డాక్టరుకూ చూపించాలి.