పందెం లేని ముక్కలాట

మా పుట్టింట్లో పేకాట అన్న మాట పైకి అనరు. మా తాతగారు సంక్రాంతికి అరుగు మీద సరదాగా మొదలుపెట్టిన ఆట ఉగాది దాకా సాగేదట. రెండెకరాల మాగాణి, అమ్మమ్మ కాసులపేరు అలాగే పోయాయి. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు ఓ గదిలో జంపఖానా పరిచి ముక్కలు పంచుతుంటే, మా అమ్మ ఆ గుమ్మం వైపు కూడా వెళ్ళదు.

అలాంటి అమ్మ ఆర్నెల్లు ఉందామని మా దగ్గరకి అమెరికా వచ్చింది. వచ్చిన మొదటి శుక్రవారం సాయంత్రమే మావాడు (పధ్నాలుగేళ్ళవాడు) ఓ డబ్బా చంకలో పెట్టుకుని, "షాపులో కార్డ్స్ ఆడుకుని వస్తా అమ్మమ్మా" అన్నాడు. అమ్మ మొహం చూడాలి అప్పుడు! వాడు కారెక్కేదాకా ఆగి, "షాపేమిటే? డబ్బులు పెట్టి ఆడే చోటా?" అని నన్ను నిలదీసింది. నాకు సరైన జవాబు తెలియలేదు. రెండేళ్ళుగా వాణ్ణి దింపడం, తొమ్మిదింటికి వెళ్ళి తెచ్చుకోవడమే గానీ, లోపల ఏం జరుగుతోందో నేనూ చూడలేదు. సిగ్గేసింది. ఆ వారమంతా దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను, మావాడిని అడిగాను.

వాడు ఆడేది 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. కనిపెట్టినాయన రిచర్డ్ గార్‌ఫీల్డ్, అప్పటికి లెక్కల్లో డాక్టరేట్ చేస్తున్న కుర్రాడు. 1991లో తను తయారుచేసిన ఓ బోర్డు ఆట పట్టుకుని, పీటర్ ఆడ్కిసన్ అనే ఆయన దగ్గరకి వెళ్ళాడు. ఆడ్కిసన్‌కి 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' అని ఓ చిన్న కంపెనీ ఉండేది. బోర్డూ బొమ్మలూ చేయించే స్తోమత తనకి లేదనీ, తక్కువ ఖర్చులో అయ్యేదీ, జేబులో పట్టేదీ, ఆటల సంబరాల్లో ఒక ఆటకీ మరో ఆటకీ మధ్య ఖాళీలో గబగబా ఆడుకునేదీ ఏదైనా ఉంటే తెమ్మనీ ఆయన అడిగాడు. అంటే ఇది పుట్టడమే కాలక్షేపం కోసం పుట్టిందన్నమాట. 1993 ఆగస్టులో బజారుకొచ్చింది. మొదట అచ్చువేసిన 26 లక్షల కార్డులూ ఎక్కువ రోజులు నిలవలేదు.

మన పేకలో 52 ముక్కలు, ఎవరి చేతిలో ఉన్నా అవే ముక్కలు. ఇక్కడ ఎవరి పేక వాళ్ళదే. మొదటి విడతలోనే దాదాపు మూడువందల రకాల కార్డులు. ప్యాకెట్ కొంటే అందులో ఏమున్నాయో విప్పాకే తెలుస్తుంది. నచ్చినవి ఏరి పేక కట్టుకోవాలి, అక్కర్లేనివి పక్కవాడితో మార్చుకోవాలి. ఇంట్లో ఒక్కడే కూర్చుంటే ఏమీ జరగదు. అందుకే కార్డులు అమ్మే షాపులోనే ఓ మూల బల్లలు, కుర్చీలు వెలిశాయి.

ఇంతవరకూ అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వింది. తర్వాతి సంగతికి చెయ్యి ఆగింది. ఎందుకంటే ఈ ఆట మొదటి నియమాల్లో పందెం ఉండేది! ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ పేకలోంచి ఒక్కో కార్డు తీసి పక్కన పెట్టాలి. గెలిచినవాడికి రెండూ. మనవైపు గోళీలాటలో ఓడినవాడి గోళీలు గెలిచినవాడి జేబులోకి వెళ్ళినట్టే. కార్డులు ఒకరి దగ్గరే ఉండిపోకుండా చేతులు మారుతుంటాయని గార్‌ఫీల్డ్ ఆలోచన. కానీ జనానికి అది నచ్చలేదు. మోజుపడి సంపాదించుకున్న కార్డు ఒక్క ఓటమితో పోతుందంటే ఎవరికి మనసొప్పుతుంది? పైగా జూదం చట్టాల గొడవొకటి. 1994లో పోటీల్లోంచి పందెపు కార్డుల్ని తీసేశారు. 1995 తర్వాత అలాంటి కార్డు కొత్తగా ఒక్కటీ రాలేదు. మొత్తం కలిపి తొమ్మిదే.

"చూశావా, వాళ్ళే మానేశారు" అన్నాను గర్వంగా, నేనే మాన్పించినట్టు.

అక్కడితో ఆగకుండా మన కథ కూడా తెచ్చాను. సికింద్రాబాద్‌లో ఓ క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాట లాంటిది కాదనీ, ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదనీ చెప్పింది. అమ్మ చేట కింద పెట్టి, "మా నాన్న కంటే నైపుణ్యం ఎవరికుందే? పొలం ఆగిందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయంటే, ఆ ప్రభుత్వాలు విన్నదీ మా అమ్మలాంటి వాళ్ళ మాటే అయివుంటుంది.

నిజం చెప్పుకోవాలంటే అమ్మ భయం పూర్తిగా తప్పు కాదు. పందెం పోయినా డబ్బు వేరే దారిలో వచ్చింది. 1996లో న్యూయార్క్‌లో నగదు బహుమతులతో పెద్ద పోటీలు మొదలయ్యాయి. 1999లో పోకెమాన్ కార్డులు అమెరికా వచ్చినప్పుడు పిల్లలు మార్పిళ్ళ దగ్గర కొట్టుకుంటున్నారని ఎన్నో బళ్ళు వాటిని తేవద్దన్నాయి. 1993 నాటి 'బ్లాక్ లోటస్' అనే ఒక్క కార్డు 2021 వేలంలో ఐదు లక్షల డాలర్లు దాటింది. ఆ గుడ్డి ప్యాకెట్ కూడా నా దృష్టిలో చిన్న లాటరీయే. అందుకే మావాడికి ఇప్పుడో కట్టడి పెట్టాను: ప్యాకెట్లు పుట్టినరోజుకే, కావలసిన కార్డేదో విడిగా కొనుక్కోవాలి, అదీ దాచుకున్న డబ్బులతో.

2000 నుంచీ షాపుల్లో శుక్రవారం రాత్రి ఆటలని కంపెనీయే ఓ ఆనవాయితీ పెట్టింది. కానీ మావాడి బల్ల మీద ఆడేది ఆ పోటీ కాదు, 'కమాండర్' అనే పద్ధతి. ఇది కంపెనీ ఆలోచన కానే కాదు. ఎక్కడో అలాస్కాలో కొందరు స్నేహితులు తమ సరదాకి కల్పించుకున్నది. వంద కార్డులు, సాదా భూమి కార్డులు తప్ప ఏదీ రెండుసార్లు రాకూడదు. మామూలుగా నలుగురు కూర్చుంటారు. నోటిమాటగా పాకి, చివరికి 2011లో కంపెనీయే దానికోసం పేకలు అచ్చువేసింది. మన పచ్చళ్ళ కొలతల్లా, ఇళ్ళల్లో నడిచి తర్వాత సీసా మీదకెక్కింది!

మరుసటి శుక్రవారం దింపేసి రాకుండా అమ్మనీ తీసుకుని లోపలికి వెళ్ళాను. మావాడి బల్ల దగ్గర ఓ నర్సు (డ్యూటీ బట్టల్లోనే ఉంది), తెల్లగడ్డం ముసలాయన, ఇంకో కుర్రాడు. 2020లో కోవిడ్‌కి షాపులో ఆటలు ఆపేస్తే, మళ్ళీ 2021లో మొదలయ్యేదాకా ఆ ముసలాయనకి మాట్లాడే దిక్కే లేకపోయిందట. మావాడు ఓడిపోయాడు. ఓడించిన ఆవిడే వాడి కార్డులు తిరగేసి, ఏది తీసి ఏది పెట్టాలో చెబుతోంది. ఇంట్లో నేను చెబితే వినడు గానీ!

అమ్మ గంటసేపు కళ్ళు ఆర్పకుండా బల్లనే చూసింది. డబ్బు కోసమని నాకు తెలుసు. పైసా కదల్లేదు. తిరిగొస్తూ కార్లో, "ఓడావుగా, ఏమిచ్చుకున్నావురా?" అని అడిగింది.

"ఏమీ లేదు అమ్మమ్మా. ఇంకో ఆట ఆడాం."

వచ్చే శుక్రవారానికి జంతికలు చేసి పంపుతానంది. నూనె చేతులతో కార్డులు ముట్టుకోకూడదని వాడు గోల. స్పూనుతో తినేలా అటుకుల మిక్చర్ చేద్దామని ప్రస్తుతానికి రాజీ కుదిరింది.