టూర్ పైసలు ఎవరు కట్టాలె? నూట డెబ్బై ఏళ్ల పాత ప్రశ్న



డిసెంబర్, జనవరి వచ్చిందంటే బడుల్లో టూర్ల ముచ్చట మొదలైతది. నోటీసు మీద తేదీ, చూసే స్థలాలు, కట్టాల్సిన పైసలు రాస్తరు. కింద 'ఇష్టం ఉన్నవాళ్లే రావచ్చు' అని ఒక లైన్ ఉంటది. మేము చదివిన బడిలో కూడా అట్లనే ఉండేది. ఆ 'ఇష్టం లేని' పిల్లలంతా పోడు చేసుకునే ఇండ్ల నుంచే ఎందుకు వస్తరో అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఇంట్ల అడగకముందే మేమే 'మాకు ఇష్టం లేదు సార్' అని చెప్పేటోళ్లం. ఎందుకంటే పత్తి పైసలు అప్పటికే దుకాణం బాకీకి పోయినయని మాకు తెలుసు.

ఇది చిన్న విషయం, దీని మీద ఇంత పొడుగు పోస్టు ఎందుకని కొందరు అనవచ్చు. కానీ హాస్టల్‌ల కూసొని చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే మాకు ఒకటి అర్థమైంది. 'పిల్లల చదువు కోసం తల్లిదండ్రుల దగ్గర పైసలు అడగాలా వద్దా' అనే ప్రశ్న మన దేశంలో ఎప్పటినుంచో నడుస్తున్నది. ప్రతిసారీ 'చిన్న మొత్తమే కదా' అనే మాటతోనే నడిచింది.

ఫీజు వెనక ఉన్న ఆలోచన

1854లో చార్లెస్ వుడ్ పేరు మీద ఇంగ్లండ్ నుంచి చదువు గురించి ఒక పెద్ద ఉత్తరువు వచ్చింది. దాన్నే వుడ్స్ డిస్పాచ్ అంటరు. సర్కారు గ్రాంటు తీసుకునే బడులు పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు తీసుకోవాలని అందులో ఉంది. ఉచితంగా దొరికిన చదువుకు జనం విలువ ఇవ్వరని, కొంచెమైనా కట్టినోడే శ్రద్ధగా పంపుతాడని దాని వెనక ఉన్న లెక్క. ఈ మాట మనం ఇప్పటికీ వింటున్నం కదా. 'ఫ్రీగా తీసుకుపోతే విలువ తెల్వదు' అని స్టాఫ్ రూముల్లో అనేది దాని మనుమడే.

1882లో హంటర్ కమిషన్ వచ్చినప్పుడు జ్యోతిరావు ఫూలే దాని ముందు తన వాదన రాసి పెట్టిండు. సర్కారు ఖజానా నిండేది రైతు చెమటతో, ఖర్చయ్యేది పైవర్గాల పెద్ద చదువుల మీద అని ఆయన చెప్పిండు. అంటే పేదోడు ఒకసారి పన్ను రూపంలో కట్టనే కట్టిండు, మళ్లీ బడి గుమ్మం కాడ ఎందుకు అడుగుతున్నరు అనే ప్రశ్న అందులోనే ఉంది.

బరోడా సంస్థానంలో శాయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలి ప్రాంతంలో, 1906 నాటికి సంస్థానం మొత్తంలో ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టిండు. ఒక సంస్థానానికి చేతనైంది అంత పెద్ద బ్రిటిష్ సర్కారుకు ఎందుకు చేతకాదని గోపాలకృష్ణ గోఖలే అడిగిండు. 1911 మార్చిలో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బిల్లు పెట్టిండు. నెలకు 10 రూపాయల లోపు ఆదాయం ఉన్న ఇండ్ల పిల్లల దగ్గర ఫీజు తీసుకోవద్దని అందులో ఉంది. 1912 మార్చిలో ఓటింగ్ జరిగితే బిల్లుకు 13 ఓట్లు, వ్యతిరేకంగా 38 ఓట్లు. ఓడిపోయింది.

గోఖలే మీద మాకు గౌరవమే. కానీ ఆ 10 రూపాయల గీత గురించి కొంచెం ఆలోచించండి. గీత గీసినంక ఎవరో ఒకరు 'నేను గీత కింద ఉన్న' అని చెప్పుకోవాలె. కాగితం తేవాలె, నలుగురి ముందు నిలబడాలె. ఇయ్యాల క్లాసుల 'కట్టలేనోళ్లు చెయ్యి లేపండి' అంటే జరిగేది అదే. పదమూడేళ్ల పిల్ల చెయ్యి లేపదు. టూరే వద్దంటది.

మన దిక్కు కథ వేరే

మైదానంలో ఇట్ల చర్చలు నడుస్తుంటే మన కొండల్లో సర్కారు వేరే ముఖంతో వచ్చింది. 1879 రంప తిరుగుబాటుకు ఒక పెద్ద కారణం కల్లు గీతపై వేసిన చిగురు పన్ను. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం కొండల జనం లేచింది అడవి ఆంక్షల మీద, రోడ్డు పనుల్లో సరైన కూలి ఇయ్యకుండ చేయించుకున్న చాకిరీ మీద. మా ఆదిలాబాద్ దిక్కు కొమురం భీం 1940లో జోడేఘాట్‌ల ప్రాణం ఇచ్చింది కూడా అడవి మీద, భూమి మీద హక్కు కోసమే.

భీం పోయినంకనే నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చినయి. అంటే మన గూడాలకు సర్కారు బడి వచ్చింది తిరుగుబాటు తర్వాత. అంతకుముందు వచ్చినోళ్లంతా పన్ను కోసం, వెట్టి కోసం, మామూలు కోసం వచ్చినోళ్లే.

అందుకే మన ముసలోళ్లకు 'పైసలు కట్టండి' అనే కాగితం ఉత్త కాగితం కాదు. ఆ కాగితం బడి నుంచి వచ్చినా సరే, చూడంగానే అవ్వ ముఖం మారిపోతది. వాళ్లకు చదువు మీద విలువ లేదని అనుకోవద్దు. విలువ లేకుంటే పనికొచ్చే పిల్లల్ని పనిలో పెట్టుకోకుండ హాస్టల్‌కు పంపుదురా?

చట్టం ఏమంటది

రాజ్యాంగం 45వ అధికరణం పదేళ్లలోపు 14 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పింది. పదేళ్లు దాటి దశాబ్దాలు పోయినయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కు అన్నది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసే. 2002లో 86వ సవరణతో 21ఎ వచ్చింది. 2009లో విద్యాహక్కు చట్టం చేసిన్రు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు.

ఆ చట్టం సెక్షన్ 3 ఉత్త 'ఫీజు' అని ఆగలేదు. పిల్లల చదువుకు అడ్డం వచ్చే ఫీజైనా, ఛార్జీలైనా, ఖర్చులైనా వాళ్ల మీద వెయ్యొద్దని చెప్పింది. ఫీజు తీసేసినా వేరే ఖర్చులు తలుపు మూస్తయని రాసినోళ్లకు తెలుసన్నట్టు.

నిజం కూడా చెప్పుకోవాలె. టూర్‌కు పోనంత మాత్రాన చదువు ఆగదని, ఇది ఆ సెక్షన్ కిందికి రాదని ఎవరైనా వాదించవచ్చు. ఇంకోటి, ఆ చట్టం 8వ తరగతితోనే ఆగిపోతది. టూర్లు ఎక్కువ ఉండేదేమో 9, 10 తరగతుల్లో. అందుకని చట్టం ఒక్కటే చూపెట్టి గెలుస్తమని మేము అనుకుంటలేం.

ఇంగ్లండ్‌ల ఒక దారి వెతికిన్రు. 1988 విద్యా సంస్కరణ చట్టం ప్రకారం సర్కారు బడులు బడి టైంలో జరిగే టూర్లకు ఛార్జీ వెయ్యొద్దు. తల్లిదండ్రులను స్వచ్ఛందంగా సాయం అడగవచ్చు. కానీ వాళ్లు ఇయ్యలేదని పిల్లను వదిలిపెట్టి పోవద్దు. చాలినంత సాయం రాకుంటే టూర్ రద్దు చేసుకోవచ్చు. ఈ దారిలో మంచి ఉంది, లోపం కూడా ఉంది. పేద ఇండ్లు ఎక్కువున్న ఊర్లో సాయం తక్కువ వస్తది, టూర్లూ తక్కువైతయి. మన గూడాల్లో అయితే అసలే ఉండవు.

సర్కారు తలచుకుంటే

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, 14 ఏళ్లు కూడా నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా పిల్లగాడు ఆనంద్ కుమార్ ఎక్కిండు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లలే. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా పోయింది. ఆ ఖర్చు వాళ్ల అమ్మానాయినలను అడిగి ఉంటే ఇయ్యాల ఆ పేర్లు మనకు తెలిసేవా? ఎవరెస్ట్ దాకా పంపగలిగిన సర్కారుకు గోల్కొండ దాకా పంపడం బరువు కాదు. లేనిది పైసలు కాదు, పద్దు.

మరి సార్లను తిట్టాలా? వద్దు. సొంత జేబు నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలకు కట్టిన సార్లు మనందరికీ తెలుసు. పద్దు లేనప్పుడు వాళ్లకు రెండే దార్లు: వసూలు చేసుడు, లేకుంటే టూరే ఆపుడు. ఆపుడు మాకు ఇష్టం లేదు. ఊరు దాటని పిల్లలకు టూర్ అంటే షోకు కాదు. మ్యాప్‌ల చుక్కగా చూసిన ఊరు కండ్ల ముందు నిలబడుడు అది. తర్వాత కాలేజీకి ఒంటరిగా పోయే ధైర్యం కొంత అక్కడే మొదలైతది. మొదటిసారి రైలెక్కింది డిగ్రీ అడ్మిషన్‌కే అని చెప్పేటోళ్లు మా హాస్టల్‌ల చాలామంది ఉన్నరు.

అందుకే మా మాట ఇది: అవ్వను, బాపును అడగొద్దు. అడగాల్సింది పైకి.

విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలె. అందులో 75 శాతం తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీనే, గ్రాంటుకు ఆ ప్రణాళికే ఆధారం. ప్రహరీ గోడ, బోరు రాసినట్టే 'ఏడాదికి ఒక విహారయాత్ర' అని కూడా రాయించాలె. సంతకం పెట్టే ముందు మన అక్కలు, అన్నలు ఎవరో ఒకరు కాగితం చదివి వాళ్లకు వినిపించాలె. ఆశ్రమ పాఠశాల అయితే ఐటీడీఏకు దరఖాస్తు పెట్టాలె. గ్రామీణ సర్కారు బడుల పిల్లలకు ఏడాదికోసారి స్టడీ టూర్ కోసం రైల్వేలో సెకండ్ క్లాస్‌కు 75 శాతం రాయితీ ఉంది. అది వాడుకోమని సార్లకు గుర్తుచేయాలె.

పద్దు వచ్చేదాకా వసూలు తప్పదంటే ఉద్యోగం ఉన్న తల్లిదండ్రులు, చదువుకొని నిలబడ్డ మన పెద్దలు బడికి ఇయ్యవచ్చు. కానీ ఎవరు ఇచ్చిన్రో, ఎవరు ఇయ్యలేదో క్లాసుల చదవొద్దు. పోతే అందరూ పోవాలె.

దగ్గరి స్థలాలు చూస్తే ఖర్చు తగ్గుతది, అదీ నిజమే. జోడేఘాట్, మార్లవాయి, కేస్లాపూర్, ఉట్నూరు కోట మన పిల్లలు తప్పకుండ చూడాలె. కానీ 'మీకు ఇవి చాలు' అనే మాట మాత్రం మనం ఒప్పుకోవద్దు. టౌన్ పిల్లలు మన జలపాతాలు చూడడానికి వస్తరు కదా, మన పిల్లలు వాళ్ల మ్యూజియాలు చూడడానికి పోవాలె.

మీ ఊరి బడిలో కమిటీ ఉందా, ఈ ఏడాది ప్రణాళిక రాసిన్రా? సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ రెండు ప్రశ్నలు అడిగి రండి. జవాబులు అందరం కలిపి పెట్టుకొని దరఖాస్తు రాద్దాం.