పాలను గడ్డకట్టించి నిల్వచేయడం

బాపట్ల జిల్లాలో చీరాలకు చేరువన ఉన్న తీరగ్రామం వాడరేవు. ఇలాంటి కోస్తా ఊళ్ల ఇళ్లలో వాడకం ఎక్కువగా గేదె పాలదే. వీటిలో వెన్న 6-7 శాతం ఉంటుంది. మిగిలిన పాలను కాచి, పూర్తిగా చల్లార్చి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, −18 డిగ్రీల సెల్సియస్ ఫ్రీజర్‌లో ఉంచుతారు. పైన రెండు వేళ్ల వెలితి తప్పనిసరి: నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, నిండు గాజు సీసా పగులుతుంది. గడ్డ పసుపుగా కనిపిస్తే భయపడనక్కర్లేదు. అది పాలలోని రైబోఫ్లేవిన్ రంగు. కరిగించేది ఫ్రిజ్ కింది అరలోనే. తీరంలోని వేసవి ఉక్కకు గట్టు మీద వదిలేస్తే విరిగిపోతాయి. తేలిన వెన్న తరకలు గిలక్కొట్టి వెచ్చబెడితే చాలావరకు కలుస్తాయి. కాఫీకి, పాయసానికి ఇవి బాగానే పనికొస్తాయి. తోడుకు మాత్రం తాజా పాలే మేలు. కరెంటు పోయి పూర్తిగా కరిగిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు.