మా ఇంటి వెనక పొలం, మా ఊరి జాతకం

ఇల్లు కొన్నప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది ఇల్లు కాదు, దాని వెనకున్న పొలం. పొలం అంటే కోనసీమ వరిచేలు ఊహించుకోకండి. డల్లాసుకి ఉత్తరాన ఉన్న ఓ ఊళ్ళో (పేరెందుకు లెండి) ఓ బీడు, అందులో పదో పన్నెండో ఆవులు. ఆ ఆవులున్నది పాల కోసం కాదనీ, వ్యవసాయ భూమి కింద పన్ను తగ్గించుకోవడం కోసమనీ చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెనక నిలబడి, "మనూళ్ళో ఉన్నట్టే ఉందిరా" అనేది.

ఓ రోజు సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పొలంలో అపార్ట్‌మెంట్లూ, షాపులూ కట్టడానికి జోనింగ్ మార్పు అడుగుతున్నారట. టెక్సాస్ చట్టం ప్రకారం 200 అడుగుల లోపు ఆస్తులున్న వాళ్ళకి ముందుగా చెప్పాలి కాబట్టి చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. చొక్కా ఇస్త్రీ చేసుకుని మీటింగుకి వెళ్ళి, ఇచ్చిన మూడు నిమిషాల్లో ట్రాఫిక్కు గురించీ, బళ్ళలో రద్దీ గురించీ దంచేశాను. అంతా విని, అక్కడి ప్లానర్ చాలా మర్యాదగా గోడ మీద ఓ మ్యాపు చూపించాడు. ఊరి కాంప్రెహెన్సివ్ ప్లాను. అందులో మా వెనక పొలానికి వేసిన రంగు ఇళ్ళూ షాపులూ కలిసి ఉండే చోటుకి వేసే రంగు. ఆ రంగు నేను ఇల్లు కొనడానికి నాలుగేళ్ళ ముందు నుంచీ అక్కడే ఉంది.

క్లయింటు పంపిన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటులో ప్రతి లైనూ చదివి ఈమెయిళ్ళతో వేధించేవాణ్ణి... ముప్పై ఏళ్ళ అప్పు మీద కొన్న ఇంటి విషయంలో ఊరి డాక్యుమెంటు తెరిచి చూడలేదు. ఆ సిగ్గుతోనే ఈ చరిత్ర చదవడం మొదలెట్టాను.

ఇంతకీ ఏమిటీ ప్లాను? ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత ఊరు ఎలా ఉండాలో ముందే కూర్చుని రాసుకున్న పుస్తకం. జనం ఎంత పెరుగుతారు, ఇళ్ళెక్కడ, పరిశ్రమలెక్కడ, ఏ రోడ్డు ఎంత వెడల్పు, నీళ్ళూ మురుగూ ఎటు పోవాలి, పార్కులెన్ని, వరదొస్తే ఏ నేల మునుగుతుంది... అన్నీ ఉంటాయి. కాలిఫోర్నియాలో అయితే చప్పుడు గురించి కూడా ఓ అధ్యాయం తప్పనిసరి! జోనింగ్ వేరు. అది చట్టం. ప్లాను ఉద్దేశం మాత్రమే. టెక్సాసులో ప్లాను మ్యాపుల మీద "ఇది జోనింగ్ కాదు" అని స్పష్టంగా రాసి తీరాలని చట్టమే చెప్తుంది. మా భాషలో చెప్పాలంటే ప్లాను డిజైను, జోనింగ్ కోడు. డిజైను చదవని వాడు కోడు చూసి గగ్గోలు పెట్టడం మనకి కొత్తా?

ఈ కథ మొదలయ్యేది చికాగోలో. వివేకానందుడు మాట్లాడిన 1893 సర్వమత సభ గుర్తుందిగా? ఆ ఏడాది అక్కడ జరిగిన ప్రపంచ ప్రదర్శన నిర్మాణాలన్నీ దగ్గరుండి నడిపించినవాడు డేనియల్ బర్న్‌హామ్ అనే ఆర్కిటెక్టు. ఆయనా, ఎడ్వర్డ్ బెన్నెట్టూ కలిసి 1909లో "ప్లాన్ ఆఫ్ చికాగో" తయారుచేశారు. డబ్బు పెట్టింది ప్రభుత్వం కాదు, కమర్షియల్ క్లబ్ అనే వ్యాపారస్తుల సంఘం. సరస్సు ఒడ్డు జనానికే ఉండాలి, రోడ్లు వెడల్పు చెయ్యాలి, రైల్వే స్టేషన్లు ఒక పద్ధతిలో పెట్టాలి, ఊరి చుట్టూ అడవులు మిగల్చాలి... ఇదీ సారాంశం.

సరిగ్గా అదే 1909లో మన హైదరాబాదులో మోక్షగుండం విశ్వేశ్వరయ్య మూసీ లెక్కలు కడుతున్నారు. 1908 సెప్టెంబరు వరదలో ఊరు కొట్టుకుపోయాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. ఆ తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్. అక్కడ వ్యాపారస్తులు, ఇక్కడ ప్రభువు. రెండు చోట్లా మామూలు మనిషిని మొదట అడిగిన వాడు లేడు.

కానీ చికాగో వాళ్ళకి ఓ చిక్కుంది. రోడ్డు వెయ్యాలంటే అప్పు చెయ్యాలి, అప్పు చెయ్యాలంటే జనం ఓటెయ్యాలి. అందుకని 1911లో వాల్టర్ మూడీ అనే ఆయన చేత "వాకర్స్ మాన్యువల్" అని ఓ పాఠ్యపుస్తకం రాయించి, ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠం చెప్పించారు. పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలకి చెప్తారు, పెద్దయ్యాక వాళ్ళే ఓటేస్తారు! 1912లో బర్న్‌హామ్ పోయినా ప్లాను పోలేదు. 1920కి మిషిగన్ ఎవెన్యూ వంతెన, 1925కి యూనియన్ స్టేషన్, 1926కి వాకర్ డ్రైవ్ వచ్చాయి. అన్నీ జరగలేదు లెండి. పెద్ద గోపురంతో నగర కేంద్రం వస్తుందని బొమ్మ గీసిన చోట ఇప్పుడున్నది హైవేల కూడలి.

తర్వాత సిన్సినాటి. ఆల్ఫ్రెడ్ బెట్‌మన్ అనే లాయరు పట్టుదల వల్ల 1925లో ఆ ఊరు తన ప్లానుని అధికారికంగా ఆమోదించింది. అమెరికాలో ఓ పెద్ద నగరం అలా చెయ్యడం అదే మొదటిసారి. 1928లో కేంద్ర వాణిజ్య శాఖ రాష్ట్రాలకి ఓ నమూనా చట్టం ఇచ్చింది. 1954 గృహ నిర్మాణ చట్టంతో చిన్న ఊళ్ళకి కూడా ప్లాన్లు రాసుకోవడానికి డబ్బులొచ్చాయి.

ఇక మన తెలుగువాళ్ళకి బాగా తెలిసిన ప్లేనో. 1970లో 18 వేల లోపు జనం, 2000 నాటికి 2 లక్షల 22 వేలు. 2015లో "ప్లేనో టుమారో" అని కొత్త ప్లాను ఆమోదించారు. దానికి 2017లో అమెరికన్ ప్లానింగ్ అసోసియేషన్ వాళ్ళు ఉత్తమ ప్లాను బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి ఎవరి పేరు మీదో తెలుసా? మన బర్న్‌హామ్ పేరు మీదే! కానీ ఊళ్ళో కొంతమందికి అపార్ట్‌మెంట్లు పెరుగుతాయని భయం. ఓటింగు పెట్టమని 4,000కు పైగా సంతకాలతో పిటిషనిచ్చారు. అది కౌన్సిలు దాకా పోలేదు. కోర్టుకెళ్ళారు. 2020లో అప్పీలు కోర్టు పిటిషనర్ల వైపు చెప్పడంతో కౌన్సిలే ప్లానుని రద్దు చేసి, 1986 నాటి పాత ప్లానుకి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అందరినీ కూర్చోబెట్టి, 2021లో కొత్తది రాసుకున్నారు.

ఎవరిది తప్పని నన్నడక్కండి. బహుమతి పొందిన ప్లాను కూడా ఊరి వాళ్ళు తమది అనుకోకపోతే నిలబడదని మాత్రం అర్థమైంది. ఎనిమిదో తరగతి పిల్లల వెంటపడ్డ చికాగో వాళ్ళు అమాయకులేం కాదు.

మా వెనక అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. ఆవులెటు పోయాయో తెలియదు. మొన్న సాయంత్రం అక్కడ బాల్కనీలో ఓ కుర్రాడు ఫోన్లో అమ్మకి పప్పు ఎన్ని విజిల్స్ రానివ్వాలో అడుగుతున్నాడు. నేనూ ఈ దేశం వచ్చిన కొత్తలో నలుగురితో కలిసి అలాంటి అపార్ట్‌మెంటులోనే ఉన్నాను. ఆ రోజు మూడు నిమిషాలూ నేను వద్దని వాదించింది ఎవరినో అప్పుడు తట్టింది. మా అమ్మ మాత్రం, "పోనీలేరా, మనుషుల అలికిడి ఉంది" అంది.

మా ఊరి ప్లాను మళ్ళీ మార్చే పని మొదలైంది. గ్రంథాలయంలో గురువారం సాయంత్రం మీటింగు. ఈసారి చొక్కా ఇస్త్రీ చెయ్యకపోయినా ప్లాను చదువుకుని వెళ్తున్నాను. మీరూ మీ ఊరి ప్లాను ఓసారి తీసి చూడండి, మీ ఇంటి వెనక ఏ రంగు వేశారో.